ఫార్మేషన్ ఫ్లయింగ్ నేర్చుకోవాలంటే ముందు ఏం చెయ్యాలి

అమెరికాలో సరదాకి పైలట్ లైసెన్స్ తీసుకుంటున్న మనవాళ్ళకోసం ఇది రాస్తున్నా. లైసెన్స్ చేతికొచ్చాక చాలామందికి పుట్టే కోరిక ఒకటుంది, ఫ్రెండ్ ఇంకో విమానంలో పక్కనే వస్తే ఒక మంచి ఫోటో తీసుకోవచ్చు కదా అని. ఇలా విమానాలు దగ్గరదగ్గరగా కలిసి ఎగరడాన్నే ఫార్మేషన్ అంటారు. ట్రైనింగ్ లేకుండా మాత్రం ఆ పని ఒక్క నిమిషం కూడా చెయ్యకండి ప్లీజ్. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ రూల్ 91.111 అయితే పైలట్లందరూ ముందే మాట్లాడుకుని ఒప్పుకోవాలి, డబ్బులు తీసుకుని ప్యాసింజర్లని ఎక్కించుకున్నప్పుడు ఫార్మేషన్ చెయ్యకూడదు అంటుంది, కానీ మాట్లాడుకున్నంత మాత్రాన చేతనైపోదు.

నాకు బోలెడు ఫ్లయింగ్ అవర్స్ ఉన్నాయిలే అనుకుంటే 1966 జూన్ 8న ఏం జరిగిందో చూడండి. కాలిఫోర్నియాలో ఎక్స్‌బీ-70 వాల్కిరీ అనే పెద్ద ప్రయోగాత్మక బాంబర్ చుట్టూ విమానాలు చేరి ఎగిరింది ఫోటోలకోసమే. జో వాకర్ నడుపుతున్న ఎఫ్-104 ఫైటర్ దాని రెక్క కొసకి తగిలి, పైనుంచి పల్టీ కొట్టి నిటారు తోకల్ని విరగ్గొట్టేసింది. ఎక్స్-15 రాకెట్ విమానం నడిపిన వాకర్, వాల్కిరీలో ఉన్న కార్ల్ క్రాస్ ఇద్దరూ పోయారు.

అందుకే ముందు ఫాస్ట్ అనే సంస్థ పద్ధతిలో నేర్పే ఇన్‌స్ట్రక్టర్‌ని వెతుక్కోండి. వాళ్ళ దగ్గర అందరికీ ఒకే సిగ్నల్స్, ఒకే మాటలు ఉంటాయి, ముందుండి నడిపించే విమానాన్ని లీడ్ అని, దాన్ని చూస్తూ పక్కన ఎగిరేదాన్ని వింగ్ అని అంటారు, వింగ్ కార్డ్ (అర్హత కార్డు) వచ్చాకే లీడ్ కార్డ్.

మొదటి ఫ్లైట్‌లో ఇన్‌స్ట్రక్టర్ మీ పక్క సీట్లోనే ఉండాలి. లీడ్ విమానం మీద రెండు గుర్తులు చూపించి అవి ఒకే లైన్‌లో కనిపించేలా ఉండమంటారు, వినడానికి తేలికే గానీ రెండు నిమిషాల్లో స్టిక్‌ని పిడికిలి బిగించి పట్టేసుకుంటారు, విమానం పైకీ కిందకీ ఊగడం మొదలవుతుంది. అప్పుడు కాలివేళ్ళు కదపండి, చెయ్యి దానంతటదే వదులవుతుంది. వెనకపడితే పవర్ కొంచెం పెంచండి, దగ్గరికి రావడం మొదలవ్వగానే పెంచినదానికంటే ఎక్కువ తగ్గించండి, మళ్ళీ కొంచెం పెట్టి ఆపండి. ఒక్కసారి తోసేసి ఊరుకుంటే లీడ్‌ని దాటిపోతారు.

అన్నిటికంటే ప్రమాదం దూరంనుంచి వచ్చి కలవడంలో ఉంది, రీజాయిన్ అంటారు. లీడ్ మెల్లగా టర్న్‌లో ఉంటే మీరు లోపలివైపునుంచి వస్తారు, దూరంగా ఉన్నంతసేపూ విమానం చిన్నగా, కదలనట్టే ఉంటుంది, దగ్గరికొచ్చాక ఒక్కసారిగా పెద్దదైపోతుంది. స్పీడ్ ఎక్కువైందనిపిస్తే సిగ్గుపడకుండా పవర్ తగ్గించి, రెక్కలు సమం చేసి, లీడ్‌కి కిందగా వెనకనుంచి బయటివైపుకి వెళ్ళిపోండి, కళ్ళు లీడ్ మీదే ఉండాలి. ఇంకా గట్టిగా టర్న్ చేసి ఆపుదామని చూస్తే మీ విమానం పొట్ట లీడ్‌వైపు తిరుగుతుంది, ఇక లీడ్ కనపడదు. కనపడకపోతే వెంటనే రేడియోలో "బ్లైండ్" అని చెప్పి, చివరిసారి లీడ్ ఎక్కడుందో అక్కణ్ణుంచి అవతలివైపుకి తిరిగి దూరం జరగండి, వెతుక్కోవడం ఆ తర్వాత. ఇది ఎన్నిసార్లు ప్రాక్టీస్ చేసినా తక్కువే, నేలమీద కుర్చీల్లో కూర్చుని కూడా చెయ్యొచ్చు.

లీడ్ చెయ్యాలనే తొందర మాత్రం వద్దు. వింగ్‌మన్ నేలనీ చూడడు, మీటర్లనీ చూడడు, లీడ్‌నే చూస్తాడు. 1982 జనవరి 18న నెవాడాలో అమెరికా ఎయిర్‌ఫోర్స్ విన్యాసాల టీమ్ థండర్‌బర్డ్స్ నాలుగు టీ-38 జెట్‌లతో లూప్ (గాల్లో నిలువుగా గుండ్రంగా తిరగడం) ప్రాక్టీస్ చేస్తుంటే లీడ్ విమానం డైవ్‌నుంచి పైకి లేవలేకపోయింది, మిగతా ముగ్గురూ దాని పక్కనే నేలకి తగిలారు, నలుగురూ పోయారు. లీడ్ అంటే ఆ మిగతా వాళ్ళ కళ్ళు కూడా మీరే, కాబట్టి వింగ్‌లో బాగా ఎగిరాక, మీ ఇన్‌స్ట్రక్టర్ తనంతట తనే అడిగినప్పుడు మొదలుపెట్టండి.