వైమానిక విన్యాస ప్రదర్శనకు ముందు జాగ్రత్తలు: వాతావరణం, రేడియో

బయలుదేరే ముందు జరిగే బ్రీఫింగ్‌లో ప్రదర్శన స్థలంపై మేఘాల అడుగు ఎత్తు, దృశ్యమానత, గాలి దిశ, వేగం తాజాగా తెలుసుకోవాలి. కొన్ని గంటల కిందటి అంచనాను నమ్ముకోకూడదు.

మేఘాల అడుగు ఏ ఎత్తులో ఉంటే ఏ ప్రదర్శన అన్నది నేల మీదే నిర్ణయమై ఉండాలి. బ్రిటిష్ వైమానిక దళానికి చెందిన రెడ్ యారోస్ బృందం మేఘాల అడుగు 5,500 అడుగులకు పైన ఉంటేనే నిలువు చుట్లతో కూడిన పూర్తి ప్రదర్శన ఇస్తుంది. అంతకు తక్కువై 2,500 అడుగులకు పైన ఉంటే చుట్లకు బదులు రోల్స్ (విమానం తన పొడవు అక్షం చుట్టూ తిరగడం), వింగ్ ఓవర్లు (పైకెక్కుతూ ఒక పక్కకు బాగా వాలి, మలుపు తిరిగి కిందికి రావడం) చేస్తుంది. మేఘాలు ఇంకా కిందికి దిగితే బల్లపరుపు (నిలువుగా పైకెక్కని) విన్యాసాలకే పరిమితమవుతుంది. ఈ మూడింటినీ సమానంగా సాధన చేసి ఉండాలి, ఎందుకంటే ప్రదర్శన మధ్యలోనే మార్చవలసి రావచ్చు.

ఆ మార్పును ప్రకటించేది లీడర్ ఒక్కరే. ఆయన ఆదేశంలో ఏ అక్షరం దగ్గర అందరూ కదలాలో ముందే తెలిసి ఉండాలి కనుక, కుర్చీల్లో కూర్చుని ఆదేశాలన్నీ అదే లయలో ఒకసారి పలికించుకోవాలి. ఇంజన్లు స్టార్ట్ అయ్యాక ప్రతి పైలట్ బృందంలో తన సంఖ్యతో వరుసగా బదులివ్వాలి. ప్రత్యామ్నాయ ఫ్రీక్వెన్సీ, రేడియో పూర్తిగా మూగబోతే ఫార్మేషన్ (విమానాలు కలిసి ఎగిరే కూర్పు) నుంచి ఏ వైపు తప్పుకోవాలన్నది అందరికీ గుర్తుండాలి. అనవసరమైన మాట ఒక్కటి కూడా ఆ తరంగంపై వినిపించకూడదు.

గాలి ప్రేక్షకుల వైపు వీస్తుంటే ఫార్మేషన్ వారి వైపే జరుగుతుంది కాబట్టి, మలుపులు ఎంత ముందుగా తీసుకోవాలో లీడర్ లెక్క వేసుకోవాలి. గాలి లేని రోజు కూడా తేలిక కాదు, వదిలిన పొగ అక్కడే నిలిచిపోయి చూపుకు అడ్డం వస్తుంది. నేల మీది భద్రతా పరిశీలకుడు మొదటి నుంచి చివరి వరకు రేడియో వింటూ, అవసరమైతే ఆపమని చెప్పగల అధికారంతో ఉండాలి.