హోటల్ పనివాళ్ల ఆరోగ్యం అడగాలంటే మధ్యాహ్నం మూడున్నరకి వెళ్లండి

ఏటా ఇద్దరో ముగ్గురో కొత్త స్కాలర్లు ఫైలు పట్టుకుని నా దగ్గరకొస్తారు. టాపిక్ ఖరారైపోయి ఉంటుంది: విశాఖ హోటల్ కార్మికుల వృత్తి ఆరోగ్యం, శ్రేయస్సు. ప్రశ్నావళి ప్రింటు కూడా అయిపోయి ఉంటుంది. "అక్కా, ఏ హోటళ్లకి వెళ్లమంటారు?" అని అడుగుతారు. ఏ హోటల్ అన్నది తర్వాత సంగతి. ఎన్నింటికి వెళ్తారు, ఎక్కడ కూర్చుని అడుగుతారు అన్నది ముందు తేలాలి. నేను ప్రొఫెసర్ని కాను. 11 ఏళ్లుగా వేరేవాళ్ల ప్రాజెక్టుల్లో ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గా ఈ ఊరి హోటళ్ల వెనక సందులన్నీ తిరిగాను. పేపర్లో నా పేరు చివర్న కృతజ్ఞతల్లో ఉంటుంది, అదీ గుర్తుంటే. కాబట్టి ఇక్కడ థియరీ వెతక్కండి.

మొదటి సర్వేలో నేను చేసిన తప్పు చెప్తాను. బీచ్ వైపు ఒక పెద్ద హోటల్. మేనేజరు చాలా మర్యాదస్తుడు. బాంక్వెట్ హాల్లో ఏసీ వేయించి, 8 మందిని వరసగా కుర్చీల్లో కూర్చోబెట్టి, తను కూడా వెనక సోఫాలో కూర్చున్నాడు. నడుం నొప్పి? లేదండి. నిద్ర? బానే పడుతుందండి. పని ఒత్తిడి? అలాంటిదేం లేదండి, సార్‌వాళ్లు బాగా చూసుకుంటారు. ఎనిమిదో అబ్బాయి సంతకం పెట్టడానికి చెయ్యి చాపితే ముంజేతి మీద అరచేయంత మేర తెల్లగా ఎండిపోయిన టూత్‌పేస్టు. కాలిందా అన్నాను. సోఫా వైపు ఓసారి చూసి "ఇంటికాడండి" అన్నాడు. అతనుండేది ఆ హోటల్ స్టాఫ్ రూములోనే అని అదే ఫారం మీద రెండో ప్రశ్నకి అంతకుముందే నా చేత్తో రాసుకున్నాను. ఆ హోటల్లో విడతలుగా నింపిన 42 ఫారాలూ పక్కన పడేశాం. అందులో ఉన్నవి మేనేజరు జవాబులు.

వేళ

జగదాంబ, డాబాగార్డెన్స్, ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టుపక్కల టిఫిన్, మీల్స్ హోటళ్లు చూడండి. షట్టరు తెల్లారి 5 గంటలకి లేస్తే చట్నీ, సాంబారు పనివాళ్లు ఇంకా గంట ముందే లేచి ఉంటారు. టిఫిన్ల తాకిడి పదిన్నర దాకా, భోజనాలు 12 నుంచి 3 దాకా. మూడున్నర నుంచి అయిదు మధ్యలో దోశ మాస్టరు మెడలో తువ్వాలుతో వెనక మెట్ల మీద కనిపిస్తాడు. అదీ మీ సమయం. అయితే అది అతని నిద్ర సమయం కూడా. అందుకే నేను 25 నిమిషాలు దాటనివ్వను, ఫారం పూర్తి కాకపోయినా లేచిపోతాను. మిగతాది మర్నాడు.

పెద్ద హోటళ్లలో 'బ్రేక్ షిఫ్ట్' అంటారు: పొద్దున్న కొన్ని గంటలు, మధ్యలో ఖాళీ, మళ్లీ రాత్రి పదకొండు దాకా. ఆ ఖాళీలో ఇంటికెళ్లి రాలేనంత దూరం అయితే అది ఖాళీ కాదు. హౌస్‌కీపింగ్ ఆడవాళ్లు హోటల్లో దొరకరు. చెకవుట్ అయ్యాక రూములన్నీ వాళ్ల మీదే పడతాయి. నాలుగింటికి బస్ స్టాపులో దొరుకుతారు, అక్కడైతే నోరు విప్పుతారు కూడా. సంక్రాంతి సెలవుల్లో, అరకు టూరిస్టుల సీజన్లో ఎవరినీ కదపకండి. నాన్‌వెజ్ హోటళ్లకైతే కార్తీక మాసం మంచిది. బేరాలు తగ్గి మనుషులు కాస్త తీరిగ్గా ఉంటారు.

టీ ఇప్పిస్తానని వాళ్ల హోటల్లోనే ఆర్డర్ చెప్పకండి. ఆ గ్లాసు కడగాల్సింది మీ ఎదురుగా కూర్చున్న మనిషే. పక్క సందులో బండి ఉంటుంది.

ఓనరు ఒప్పుకోవడం వేరు, పనివాడు ఒప్పుకోవడం వేరు

ముందు మీ సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు ఓసారి పూర్తిగా చదవండి. పైవాడి మాటకి లోబడి ఉండే ఉద్యోగుల గురించి అందులో ప్రత్యేకంగా రాశారు. ఓనరు దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి, ఎవరి జవాబులూ ఆయనకి చూపించబోమని అదే కాగితంలో ఉండాలి. ఎవరితో మాట్లాడాలో ఆయన ఎంచకూడదు. మస్టర్ లిస్టు (హాజరు పట్టీ) అడిగి మనమే చీటీలు తీయాలి. లేకపోతే ఎప్పుడూ నవ్వుతూ ఉండే కెప్టెన్ ఒక్కడినే పంపిస్తారు.

పనివాళ్లకి మన మీద వచ్చే మొదటి అనుమానం: "ఫుడ్ సేఫ్టీ వాళ్లా?" తిండి ముట్టుకునే పనిలో ఉన్నవాళ్లకి ఏటా డాక్టరు పరీక్ష చేసి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇవ్వాలి కదా, దగ్గనో చర్మం మీద మచ్చలనో చెప్తే పని పోతుందని భయం. "మేం సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లం కాదు, ఆపేవాళ్లం కాదు" అని ముందే చెప్పేయండి. ఫారం పైన "మానసిక ఆరోగ్యం" అని పెద్దక్షరాలతో వేయకండి. ఈ ఊళ్లో ఆ మాట వింటే చినవాల్తేరు మానసిక ఆసుపత్రే గుర్తొస్తుంది. "పని – ఒంట్లో బాగు" అని వేశాం మేము, సరిపోయింది. లోపల ఇచ్చే వివరాల పత్రంలో మాత్రం ఏమేం అడుగుతామో దాచకుండా చెప్పాలి.

పేర్లు రాయకపోతే గుట్టు నిలిచినట్టే అనుకుంటారు. ఒక చిన్న హోటల్లో దోశ మాస్టరు ఒక్కడే ఉంటాడు. "7వ నంబరు హోటల్, దోశ మాస్టరు, 45 ఏళ్లు, జీతం సరిగా ఇవ్వరు అన్నాడు" అని రిపోర్టులో వేస్తే ఇంక పేరెందుకు? వయసుని పదేళ్ల గుంపులుగా, పనిని 'వంటింటి పని', 'వడ్డన పని' అని కలిపి వేయండి.

ప్రశ్నల తెలుగు

నేను ఎక్కువ పోట్లాడేది ఇక్కడే. నొప్పుల కోసం అందరూ వాడేది 1987లో వచ్చిన నార్డిక్ ప్రశ్నావళి. ఒంటిని 9 భాగాలు చేసి, గత 12 నెలల్లో, గత 7 రోజుల్లో ఇబ్బంది ఉందా అని అడుగుతుంది. మంచి సాధనమే. తెలుగులోకి తెచ్చినాయన "అసౌకర్యం" అని రాశాడు. 20 మందిలో ఒక్కరూ ఔనలేదు. అదే మనుషుల్ని "పీకు గానీ, లాగడం గానీ, తిమ్మిరి గానీ?" అంటే "అయ్యో, కాళ్లు లాగీస్తన్నాయమ్మా, రాత్రి గోడకి ఆనించి పడుకుంటన్నాను" అంది గిన్నెలు తోమే ఆవిడ. ఆమె పిక్కల మీద నరాలు నీలంగా ఉబ్బి, మెలికలు తిరిగి ఉన్నాయి. అంత కనిపిస్తున్నా ఫారంలో అప్పటిదాకా "లేదు" అనే ఉంది.

ఇంకో చిక్కు. మనకి 'కాలు' అంటే తొడ నుంచి పాదం దాకా, 'చెయ్యి' అంటే భుజం నుంచి వేళ్ల దాకా. నడుం ఎక్కడ ఆగుతుందో, వీపు ఎక్కడ మొదలవుతుందో ఇద్దరు ఒకలా చెప్పరు. కాబట్టి మనిషి బొమ్మ ఒకటి వెనకవైపు నుంచి గీసి పట్టుకెళ్లి, వేలు పెట్టి చూపించమనండి.

"12 నెలల్లో" అంటే ఎవరికీ లెక్క అందదు. "పోయిన సంక్రాంతి తర్వాత", "చందనోత్సవం అప్పటికి ఉందా" అనండి, గుర్తొస్తుంది. "పోయిన ఆదివారం" పనికిరాదు. వాళ్లకి ఆదివారమే అన్నిటికంటే పెద్ద పని రోజు.

మనసు సంగతికి నేను డబ్ల్యూహెచ్‌ఓ–5 ప్రశ్నావళి ఇష్టపడతాను. అయిదే ప్రశ్నలు, గత 2 వారాల గురించి, ఒక్కోదానికి 0 నుంచి 5. మొత్తాన్ని 4తో గుణిస్తే నూటికి ఎంతో వస్తుంది. 50కి తగ్గితే ఇంకాస్త లోతుగా చూడాలి. చివరి ప్రశ్నకి మా మొదటి అనువాదం "నా దైనందిన జీవితం ఆసక్తికరమైన విషయాలతో నిండి ఉంది". ఒకావిడ రెండుసార్లు చదివించుకుని "ఆసక్తంటే ఏటమ్మా?" అంది. మార్చి మార్చి చివరికి "రోజులో మనసు పెట్టాలనిపించేది ఏదో ఒకటి ఉంటోంది" అనుకున్నాం. దాన్ని అసలు ప్రశ్న చూడని వేరే మనిషి చేత తిరిగి ఇంగ్లిష్ చేయించి, అర్థం జారలేదని చూసుకున్నాకే వాడాం. ఈ మెట్టు ఎగ్గొట్టకండి.

దిగులు, కుంగుబాటు కొలిచే పీహెచ్‌క్యూ–9 వాడదామంటారు కొందరు. అందులో తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలనిపిస్తోందా అన్న దాని గురించి. "ఔను" అని ఎవరైనా అంటే ఆ సాయంత్రమే ఏం చేస్తారో ముందు రాసిపెట్టుకోకుండా ఆ ప్రశ్న అడగడం పాపం. కనీసం మానసిక సాయం కోసం ఫోను చేసే టెలీ మానస్ నంబరు 14416 రాసిన చీటీ, వెంట తీసుకెళ్లి చూపించగలిగే డాక్టరు ఉండాలి.

పని గంటలు నేరుగా అడిగితే అందరూ "పన్నెండు" అంటారు. నేను నిన్నటి రోజుని నడిపిస్తాను. నిన్న ఎన్నింటికి లేచావు తమ్ముడూ? షట్టరు ఎప్పుడు ఎత్తారు? మొదటిసారి కూర్చున్నదెప్పుడు? ఏం తిన్నావు, నిలబడా కూర్చునా? నీళ్లెన్నిసార్లు తాగావు? ఒకమ్మాయి పొద్దున్న ఎనిమిది నుంచి నాలుగు దాకా గుక్క నీళ్లు తాగలేదంది. దాహం వెయ్యదా అంటే, స్టాఫ్‌కి బాత్రూం లేదు, గెస్టులది వాడితే తిడతారు, అందుకే తాగను అని. మంటతో మూత్రం ఏడాదిలో మూడుసార్లు వచ్చిందట. నేను చూసిన ఏ ప్రశ్నావళిలోనూ ఈ రెండూ ఒకచోట లేవు.

ఒడిశా నుంచీ బెంగాల్ నుంచీ వచ్చిన కుర్రాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లకి తెలుగు ఆర్డర్లు తీసుకునేంతే వచ్చు. ఒడియా, హిందీ వచ్చినవాళ్లని వెంట తీసుకెళ్లండి. తోటి పనివాడిని దుబాసీగా పెట్టుకోకండి.

వంటింటి వేడి

గోడ థర్మామీటరు చూసి 36 అని రాసుకొస్తే లాభం లేదు. పెనం నుంచి కొట్టే సెగ అందులో పడదు, మన సముద్రపు గాలిలో తేమకి చెమట ఆరదన్నదీ పడదు. సెగనీ తేమనీ కలిపి కొలిచే వెట్ బల్బ్ గ్లోబ్ మీటరు కావాలి. లోపలి చోట్లకి లెక్క సులువు: తడి బల్బు (తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు) అంకెలో 0.7 వంతు, నల్ల గుండు (సెగ పట్టే నల్ల బంతిలోని థర్మామీటరు) అంకెలో 0.3 వంతు కలపాలి. తడి 28, గుండు 42 అయితే 32.2. మాస్టరు నిలబడే చోటే, పొట్ట ఎత్తున, సుమారు 1.1 మీటరు దగ్గర పెట్టి కనీసం 20 నిమిషాలు ఆగాలి. తాకిడి వేళ అడ్డమని తిడతారు, తిట్టించుకోండి. ఖాళీ వేళ కొలిస్తే దేనికీ పనికిరాదు. ఫ్యాన్ ఎందుకు లేదని అడిగి పరువు పోగొట్టుకోకండి, పొయ్యి దగ్గర ఫ్యాన్ వేస్తే మంట నిలవదు.

లెక్కలు, కొద్దిగా

ఎవరి థీసిస్ తెరిచినా శాంపిల్ 384. సగం మందికి సమస్య ఉంటుందనుకుని, 5 శాతం తేడా, 95 శాతం నమ్మకంతో వచ్చే అంకె అది. కానీ ఒకే వంటింట్లో పది మంది ఒకే సెగ, ఒకే ఓనరు కింద ఉంటారు. వాళ్లు పది వేర్వేరు సాక్ష్యాలు కారు. హోటల్‌కి పది మందిని తీసుకుని, ఒకే చోటివాళ్ల జవాబుల మధ్య పోలిక (ఇంట్రాక్లస్టర్ కోరిలేషన్) 0.05 అనుకుంటే శాంపిల్‌ని 1.45 రెట్లు చేయాలి, అంటే 557. గైడుకి ఇది ముందే చెప్పండి, వైవా రోజున కాదు.

అంతకంటే పెద్ద లోపం ఇంకోటి. హోటల్లో మనకి దొరికేవాళ్లు ఇంకా పని చేయగలుగుతున్నవాళ్లు. నడుం పోయినవాడు శ్రీకాకుళం వెళ్లిపోయి ఉంటాడు. ఫారం చివర "ఈ ఏడాది ఇక్కడ మానేసినవాళ్లెవరు, ఎందుకు?" అని ఒక ప్రశ్న పెట్టండి. మద్దిలపాలెంలో ఇప్పుడు ఇడ్లీ బండి నడుపుతున్న ఒకాయన 19 ఏళ్లు మాస్టరు, నిలబడలేక మానేశాడు. బండి దగ్గర ఎత్తు స్టూలు వేసుకుని కూర్చునే వేస్తాడు. ఆయనతో గంట మాట్లాడాక మా ప్రశ్నావళిలో మూడు ప్రశ్నలు మారాయి.

ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) గురించి అడిగేటప్పుడు "ఉందా?" అనకండి, "జీతంలో కోస్తున్నారా?" అనండి. పది మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ పనిచేసే హోటళ్లలో నెలకి 21,000 దాకా జీతానికి అది వర్తించాలి. పనివాడి వాటా 0.75 శాతం, యజమానిది 3.25. కోత ఉండి కార్డు చేతికి రానివాళ్లు తగిలారు నాకు. అలాంటప్పుడు ఫారం ముగిశాక నంబరు ఎలా తెలుసుకోవాలో చెప్పడానికి పది నిమిషాలు కేటాయించండి. 14 ఏళ్ల లోపు పిల్లలు పనిలో కనిపిస్తే ఏం చేస్తారన్నది కూడా వెళ్లకముందే తేల్చుకోవాలి: హోటళ్లలో అది 2006 నుంచే నిషేధం, ఫోను చేయాల్సిన పిల్లల హెల్ప్‌లైన్ నంబరు 1098. గుట్టు కాపాడతామన్న మాట ఈ విషయానికి వర్తించదని ఓనరుకిచ్చే కాగితంలోనే రాయండి.

ఫలితాలు వచ్చాక ఒకే కాగితం మీద, బొమ్మలతో, మళ్లీ అదే మెట్ల దగ్గరకి పట్టుకెళ్లాలి. ప్రొఫెసర్లు దీనికి బడ్జెట్ పెట్టరు, మీరు పెట్టించండి. పోయినసారి ఒక ఓనరు ఆ కాగితం చూసి పెనం ముందు చెక్క పీట వేయించాడు, పొట్టిగా ఉన్న మాస్టరు చెయ్యి భుజం దాకా లేపాల్సిన అవసరం లేకుండా. ఇంకో ఓనరు కాగితం మడిచి గల్లా పెట్టె కింద పెట్టాడు.

వెళ్లేటప్పుడు పట్టున్న చెప్పులు వేసుకోండి. వెనక వంటింటి గచ్చు మీద నూనె, పిండి నీళ్లు కలిసి ఉంటాయి. నేను రెండుసార్లు పడ్డాను. రెండోసారి గ్లోబ్ మీటరు కూడా పడింది. "జారి పడ్డారా?" అన్న ప్రశ్న అప్పటిదాకా మా ఫారంలో లేదు.