ఇంట్లో కొవ్వొత్తులు చేయాలంటే ముందు వత్తి సంగతి చూడండి

కొవ్వొత్తుల తయారీ గురించి ఎక్కడ చూసినా రంగులు, సువాసనలు, అందమైన గాజు గ్లాసులే కనిపిస్తాయి, వత్తిని మాత్రం ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నేనైతే అక్కడి నుంచే మొదలుపెట్టమంటాను. ఎందుకంటే మండేది ముఖ్యంగా మైనమే, వత్తి కాదు. మంట వేడికి మైనం కరిగి, వత్తి పోగుల్లోంచి పైకి పాకి, ఆవిరై మండుతుంది. వత్తి సన్నగా ఉంటే మధ్యలో గుంట పడి మంట ఆ మైనంలోనే మునిగి ఆరిపోతుంది, అంచుల మైనమంతా వృథా. లావుగా ఉంటే పొగ, మసి, పక్కలకు కారడం. క్రిస్మస్‌కి కాజీపేట ఫాతిమానగర్ చర్చికి తీసుకెళ్లినా, కరెంటు పోతే ఇంట్లో వెలిగించినా కావాల్సింది చివరిదాకా నిలకడగా కాలే మంట, అది వత్తి చేతిలో ఉంది.

దీపారాధనకు వాడే పత్తి వత్తి దీనికి పనికిరాదు. నూనెలో బాగానే కాలుతుంది కానీ మైనంలో నిటారుగా నిలబడదు. కావాల్సింది జడలా అల్లిన వత్తి. 1825లో ఫ్రాన్స్‌లో కాంబాసెరె అనే ఆయన అల్లిన వత్తి తెచ్చాక కొవ్వొత్తి వాడకం చాలా తేలికైంది, ఎందుకంటే అల్లిన వత్తి కాలేకొద్దీ కొస వంగి మంట అంచులోకి వచ్చి బూడిదైపోతుంది. అంతకుముందు మాటిమాటికీ కత్తెరతో కొస తుంచాల్సి వచ్చేది. రెడీమేడ్ వత్తి కొంటే మంచిదే, కొనేటప్పుడు ఎన్ని అంగుళాల వెడల్పు కొవ్వొత్తికో అడిగి తీసుకోండి. ఇంట్లో చేయాలంటే స్వచ్ఛమైన పత్తి దారం తీసుకోండి (పాలిస్టర్ కలిస్తే కరిగి ముద్దవుతుంది, ఒక పోగు కాల్చి చూస్తే తెలిసిపోతుంది). ఎనుమాముల పత్తి మార్కెట్ ఉన్న మన వరంగల్‌లో పత్తి దారానికి తిప్పలు పడక్కర్లేదు. పావు లీటరు వేడి నీళ్లలో ఒక పెద్ద చెంచా ఉప్పు, రెండు పెద్ద చెంచాల వెలిగారం కలిపి, దారాన్ని ఒక రోజు నానబెట్టండి. వెలిగారం కంసాలి పనికి వాడేదే, కానీ కడుపులోకి పోకూడదు, పిల్లలకు అందకుండా పెట్టండి. నానిన దారాన్ని పూర్తిగా ఆరబెట్టి, మూడు పాయలుగా గట్టిగా అల్లండి. ఏ కాస్త తడి ఉన్నా మంట చిటపటలాడుతుంది. తర్వాత కరిగిన మైనంలో ముంచితే బుడగలు వస్తాయి, అవి ఆగేదాకా ఉంచి, బయటికి తీసి, నిటారుగా లాగి పట్టుకుని చల్లారనివ్వండి.

ఇక మైనం. మొదటిసారి చేసేవాళ్లకు 58-60 డిగ్రీల దగ్గర కరిగే పారఫిన్ (పెట్రోలియం నుంచి తీసే మామూలు మైనం) చాలు. మన వరంగల్‌లో మే నెల ఎండ 43 డిగ్రీలు దాటుతుంటుంది, రేకుల ఇంట్లో, కిటికీ పక్కన ఇంకా ఎక్కువ, తక్కువ వేడికి కరిగే మైనంతో చేసిన పొడుగు కొవ్వొత్తి అలాంటిచోట వంగిపోతుంది. అందుకే ఎండాకాలంలో నేను స్టియరిక్ యాసిడ్ (కొవ్వుల నుంచి తీసే, మైనంలాంటి తెల్లటి పదార్థం) కలపమంటాను, కిలో మైనానికి 100 గ్రాములు. అది కలిస్తే కొవ్వొత్తి గట్టిపడుతుంది, తెల్లగా కనిపిస్తుంది, అచ్చులోంచి తేలిగ్గా ఊడుతుంది. సోయా మైనం మెత్తన, కాబట్టి గ్లాసులోనో డబ్బాలోనో పోసుకోండి, విడిగా నిలబెట్టే కొవ్వొత్తికి వద్దు. తేనె మైనం బాగుంటుంది, వాసనా బాగుంటుంది, కాకపోతే ఖరీదు, దానికి కొంచెం లావు వత్తి కావాలి.

ఎంత మైనం కావాలో ముందే లెక్కేసుకోండి. అచ్చులో నీళ్లు పోసి కొలవండి, 200 మిల్లీలీటర్లు పడితే 180 గ్రాములు సరిపోతుంది, చల్లారాక పడే గుంటలో రెండోసారి పోయడానికి ఇంకొంచెం పక్కన పెట్టుకోండి. తర్వాత అచ్చు పొడిగా తుడవడం మర్చిపోవద్దు.

కరిగించేటప్పుడు మాత్రం ఏ తొందరా వద్దు. మైనం గిన్నెని నేరుగా పొయ్యి మీద పెట్టకండి. పెద్ద గంజులో నీళ్లు పోసి మరిగిస్తూ, అందులో చిన్న గిన్నె పెట్టి మైనం కరిగించండి. నీళ్లు 100 డిగ్రీలు దాటవు కాబట్టి మైనం కూడా దాటదు, థర్మామీటర్ లేనివాళ్లకు ఇంతకంటే భద్రమైన దారి లేదు. నీళ్లు ఇగిరిపోకుండా చూస్తుండండి. నేరుగా మంట మీద పెడితే మైనం వేడెక్కుతూ పోయి, 200 డిగ్రీల చుట్టుపక్కల ఆవిరి అంటుకోవచ్చు. ఒకవేళ అంటుకుంటే నీళ్లు అస్సలు పోయకండి, మండే మైనం ఒక్కసారిగా పైకి ఎగజిమ్ముతుంది. పొయ్యి ఆపి, మూత పెట్టి, చల్లారేదాకా మూత తీయకండి. ఆ మూత మొదటి నుంచీ చేతికి అందేలా పక్కనే ఉండాలి, ఫోన్ మోగినా పొయ్యి వదిలి పోవద్దు.

అచ్చుకి ఇంట్లో స్టీల్ గ్లాసు చాలు. లోపల పల్చగా నూనె రాయండి. వత్తి అడుగు కొసకి చిన్న వాషర్ కట్టి దింపి, పై కొసని గ్లాసు మీద అడ్డంగా పెట్టిన చీపురుపుల్లకి కట్టండి, వత్తి సరిగ్గా మధ్యలో ఉండాలి. మైనం పొయ్యి దించి 75-80 డిగ్రీలకు వచ్చాక, ఒకే ధారగా, నెమ్మదిగా పోయండి. డిసెంబర్ చలిలో చల్లటి గ్లాసులో పోస్తే కొవ్వొత్తికి అడ్డగీతలు పడతాయి, ముందు గ్లాసుని వేడి నీళ్లలో కాసేపు ఉంచి తుడిచి వాడండి. పల్చటి టీ గ్లాసులు వాడకండి, వేడికి పగులుతాయి.

మైనం చల్లారేకొద్దీ కుదించుకుపోయి వత్తి చుట్టూ గుంట పడుతుంది, లోపల ఖాళీ కూడా మిగులుతుంది. పైన గట్టి పొర కట్టాక పుల్లతో వత్తి పక్కనే రెండు మూడు చోట్ల పొడిచి, దాచిన మైనం మళ్లీ వేడి చేసి పోయండి, మొదటి మట్టం దాటకుండా. దాటితే పక్కలకు దిగి అచ్చుకి అంటుకుంటుంది. ఒక రాత్రంతా వదిలేయండి. ఊడకపోతే పది నిమిషాలు ఫ్రీజర్‌లో పెడితే చాలు, ఎక్కువసేపైతే పగుళ్లు వస్తాయి.

రంగు నూనెలో కలిసేది అయ్యుండాలి, వంటల రంగులు నీళ్లవి కాబట్టి కలవవు, క్రేయాన్లు కరిగించి పోస్తే వాటి పొడి వత్తి పోగుల్ని మూసేస్తుంది. సువాసనకి కొవ్వొత్తుల కోసమే అమ్మే నూనె, 100 గ్రాములకు 6 గ్రాములు మించొద్దు. సెంటు స్ప్రేలు వద్దు, అందులో ఆల్కహాల్ ఉంటుంది. కర్పూరం వేస్తే బాగుంటుందని కొందరు అంటారు, కానీ దాని ఆవిరి 66 డిగ్రీల దగ్గరే అంటుకునే గుణం ఉన్నది, వేడి మైనంలో అస్సలు వేయకండి. బతుకమ్మ పండగయ్యాక మిగిలిన తంగేడు, గునుగు పూలని ఎండబెట్టి కొవ్వొత్తిలో పొదగాలని చాలామందికి ఆశ. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, నిజమే, కానీ మంట ఆ పూల దాకా వచ్చిందంటే అవి కూడా అంటుకుంటాయి. వెలిగించని కొవ్వొత్తికైతే పెట్టుకోండి.

ఎవరికైనా ఇచ్చే ముందు, అమ్మే ముందు అయితే తప్పనిసరిగా, ఒకటి వెలిగించి పక్కనే కూర్చుని చూడండి. వత్తిని అర సెంటీమీటర్‌కి కత్తిరించి వెలిగించండి. గ్లాసు కొవ్వొత్తి అయితే మూడు నాలుగు గంటల్లో కరిగిన మైనం అంచు దాకా వచ్చి, సుమారు ఒక సెంటీమీటర్ లోతు ఉండాలి. అంచుకి రాకపోతే ఇంకొంచెం లావు వత్తి, మసి వచ్చినా మంట ఎగిసిపడినా సన్న వత్తి. మైనమూ అచ్చూ మార్చకుండా వత్తి ఒక్కటే మార్చి చూడండి, తేడా ఎక్కడుందో తేలిపోతుంది.

పని అయ్యాక గిన్నెలో మిగిలిన మైనం సింక్‌లో పోయకండి, పైపులో గడ్డకట్టి నీళ్లు దిగవు. వేడిగా ఉండగానే పాత కాగితంతో తుడిచేసి, చెత్తబుట్టలో వేసే ముందు ఆ కాగితం పూర్తిగా చల్లారిందో లేదో చూడండి. ముక్కలు, తునకలు ఒక డబ్బాలో దాచితే తర్వాతి దఫా అవే మళ్లీ కరిగించుకోవచ్చు, మసి, పాత వత్తి కొసలు పడకుండా వడకట్టుకుంటే చాలు.