ప్రైవేటు బడిలో ఉచిత సీటు: దరఖాస్తు నుంచి ఫిర్యాదు దాకా

2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 12(1)(సి) సెక్షను ప్రకారం, ప్రభుత్వ సాయం పొందని ప్రైవేటు పాఠశాలలు ఒకటో తరగతిలో కనీసం 25 శాతం సీట్లను పరిసరాల్లోని బలహీన, అణగారిన వర్గాల పిల్లలకు ఇచ్చి, ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఉచితంగా చదివించాలి. చట్టం 2010లోనే అమలులోకి వచ్చినా, ఆంధ్రప్రదేశ్‌లో ఈ ప్రవేశాలు మొదలవడానికి పుష్కరకాలం పట్టింది. తెలంగాణ పిల్లలు ఇంకా ఎక్కువ కాలం ఎదురుచూశారు. కింది వివరాలు ఆంధ్రప్రదేశ్ పద్ధతికి సంబంధించినవి.

ఇక్కడ అనాథలు, దివ్యాంగులు, హెచ్ఐవీ బాధిత కుటుంబాల పిల్లలకు 5 శాతం, ఎస్సీలకు 10, ఎస్టీలకు 4, బీసీ, మైనారిటీ, ఓసీ పేదలకు 6 శాతం సీట్లు కేటాయించారు. వయోపరిమితి తేదీ సిలబస్‌ను బట్టి మారుతుంది కనుక ఆ ఏటి నోటిఫికేషన్ చూడాలి. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, ఇంట్లో వీలుకాకపోతే గ్రామ లేదా వార్డు సచివాలయంలోనో, మండల విద్యాధికారి కార్యాలయంలోనో చేయించుకోవచ్చు. ఆధార్‌లోనూ జనన ధ్రువపత్రంలోనూ పిల్లల పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో నోటిఫికేషన్ రాకముందే సరిచూసుకోవాలి. బడికి ఇల్లు ఎంత దూరమన్నది ఎంపికలో కీలకం కాబట్టి, అద్దె ఇళ్లలో ఉండేవారు ప్రస్తుత చిరునామాకు ఆధారం సిద్ధం చేసుకోవడం మంచిది. మైనారిటీ విద్యాసంస్థలకు ఈ చట్టం వర్తించదని సుప్రీంకోర్టు 2014లో తేల్చింది. వాటిని ఎంచుకుని అవకాశం వృథా చేసుకోవద్దు.

సీట్లు కేటాయించే లాటరీలో పేరు వచ్చాక అంతా అయిపోయిందనుకుంటారు గాని, అసలు పని అక్కడే మొదలవుతుంది. పిల్లవాడికి పరీక్ష పెడతామనో, తల్లిదండ్రులను ఇంటర్వ్యూ చేస్తామనో, డొనేషన్ కట్టమనో బడివారు అంటే, 13వ సెక్షను ఆ మూడింటినీ నిషేధించిందని మర్యాదగానే గుర్తుచేయండి. పరీక్ష పెట్టినందుకు తొలిసారి 25,000 రూపాయల వరకు, ఆపై ప్రతిసారీ 50,000 వరకు జరిమానా పడుతుంది. డొనేషన్ తీసుకుంటే దానికి పదింతల దాకా. వయసు ధ్రువపత్రం లేదన్న సాకుతో చేర్చుకోకపోవడం కూడా 14వ సెక్షనుకు విరుద్ధం. “ఈ సీట్ల కోసం ప్రభుత్వం ఇంకా మాకు డబ్బు ఇవ్వలేదు” అన్నది తరచుగా వినిపించే మాట. బకాయిల గోడు నిజమే కావచ్చు, కానీ అది పాఠశాలకూ ప్రభుత్వానికీ మధ్య లెక్క. దాన్ని తల్లిదండ్రుల మీదికి నెట్టడం అన్యాయం. పుస్తకాలు, యూనిఫాం, బస్సు పేరిట ఏది అడిగినా, దేనికి ఎంతో కాగితం మీద రాసిమ్మనండి. నోటిమాటగా అడిగినవారు చాలాసార్లు రాతపూర్వకంగా అడగడానికి వెనుకాడతారు.

ఈ పిల్లలను వేరే గదిలో, వేరే వేళల్లో కూర్చోబెట్టడాన్ని కేంద్రం రూపొందించిన నమూనా నియమాలు ఒప్పుకోవు. గ్రంథాలయం, ఆటలు వారికీ అందాలి. కాబట్టి చేరాక కూడా అప్పుడప్పుడూ వెళ్లి చూస్తుండాలి.

ఇబ్బంది ఎదురైతే తేదీలతో, అడిగిన మొత్తంతో ఒక పేజీ ఫిర్యాదు రాసి మండల విద్యాధికారికి ఇచ్చి, మీ ప్రతి మీద ముద్ర, సంతకం తీసుకోండి. తీసుకోవడానికి నిరాకరిస్తే స్పీడ్‌పోస్టులో పంపి రసీదు దాచుకోండి. 32వ సెక్షను ప్రకారం రాతపూర్వక ఫిర్యాదుపై స్థానిక అధికార సంస్థ మూడు నెలల్లోగా నిర్ణయం తీసుకోవాలి. ఆ నిర్ణయం నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు; ముద్ర పడిన మొదటి ఫిర్యాదు ప్రతిని, అది లేకపోతే ఫిర్యాదు నకలును స్పీడ్‌పోస్టు రసీదుతో సహా, దానికి తప్పక జతచేయాలి.