పై ముందు పన్ను ఒకటే వచ్చి రెండోది రాకపోతే

మా పెద్దవాడికి ఏడేళ్ళు నిండేసరికి పై ముందు పళ్ళలో ఎడమది వచ్చింది. కుడిది రాలేదు. చెన్నై విల్లివాక్కంలో మా ఎదురింటి తమిళ బామ్మ 'తెత్తుప్పల్ (వంకర పన్ను) వచ్చినా అందమేనమ్మా' అని ధైర్యం చెప్పింది. నెల్లూరు నుంచి అమ్మ ఫోన్ చేసి, ఊడిన చోట నాలుకతో తడుముతున్నాడేమో మానిపించమంది. దగ్గర్లో ఒక క్లినిక్‌కి తీసుకెళ్తే ఎక్స్‌రే తీయకుండానే అదే వస్తుందిలెండి అన్నారు. ఆ మాట నమ్మి ఏడాది ఆగాం. ఈలోపు పక్క పన్ను ఖాళీలోకి ఒరిగింది. ఇంకే తల్లీ అలా ఏడాది పోగొట్టుకోకూడదని ఇది రాస్తున్నాను.

ఆరేళ్ళు వచ్చినప్పటి నుంచి నెలకోసారి బిడ్డను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, ఫోన్ లైటు వేసి నోరు చూడండి. పళ్ళు కలిపి ఎదురుగా ఒక ఫొటో, పై వరస ఒకటి, కింది వరస ఒకటి తీసి ఉంచుకోండి. ఏ పన్ను ఏ నెలలో ఊడిందో క్యాలెండర్ మీద రాసినా చాలు. చూడాల్సింది ముఖ్యంగా కుడి, ఎడమల తేడా. పక్కింటి పిల్లతో పోల్చకండి, పళ్ళు రావడంలో ఏడాది అటూ ఇటూ కావడం మామూలే. కానీ ఒకే నోట్లో రెండు పక్కలవీ ఇంచుమించు జంటగా వస్తాయి. ఒకటి వచ్చి ఆరు నెలలైనా రెండోదాని జాడ లేకపోతే, లేదా ముందు పన్ను రాకుండానే దాని పక్కది దిగిపోతే, ఎక్స్‌రే తీయించాల్సిందే.

కంగారు పడనక్కర్లేనివీ ఉన్నాయి. పాలపళ్ళు మొత్తం 20. ఆరేళ్ళప్పుడు వాటన్నిటికీ వెనకాల, ఏదీ ఊడకుండానే, నాలుగు పెద్ద దవడపళ్ళు వస్తాయి. అవి ఎక్కువ పళ్ళు కావు, పాలపళ్ళూ కావు. జీవితాంతం ఉండాల్సినవి కాబట్టి బ్రష్ అక్కడిదాకా వెళ్ళేలా చూడండి. మా పాపకి కింద పాలపళ్ళ వెనకాల ఇంకో వరస మొదలైతే నేను నిద్రపోలేదు. పాలపన్ను కదులుతుంటే రోజూ శుభ్రమైన వేలితో కదుపుకోమని డాక్టరమ్మ చెప్పింది. నెలలోపే ఊడింది, వెనకది నాలుక తోసిన తోపుకి మెల్లగా ముందుకొచ్చింది. రెండు మూడు నెలలైనా పాలపన్ను గట్టిగానే ఉంటే మాత్రం తీయించాలి. పై ముందు పళ్ళ మధ్య సందు కూడా చాలామందిలో 11, 12 ఏళ్ళకు కోరపళ్ళు దిగేటప్పుడు మూసుకుంటుంది.

మావాడి సంగతి వేరు. చివరికి చెన్నైలో కోట రైల్వే స్టేషన్ ఎదురుగా ఉన్న ప్రభుత్వ దంత కళాశాల ఆసుపత్రికి వెళ్ళాం. పిల్లల పళ్ళ విభాగంలో మొదట మొత్తం దవడ కనిపించే ఓ.పి.జి. అనే పెద్ద ఎక్స్‌రే తీశారు. అందులో నడిమధ్య భాగం కాస్త మసకగా పడుతుంది కాబట్టి, ముందు పళ్ళ దగ్గర రెండు చిన్న ఎక్స్‌రేలు వేర్వేరు కోణాల్లో తీశారు. ఎముకలో, రావాల్సిన పన్నుకి అడ్డంగా, మొనదేలిన చిన్న పన్ను ఒకటుంది. దాన్ని మీసియోడెన్స్ అంటారట. పై ముందు పళ్ళ మధ్య పుట్టే అదనపు పన్ను. ఆడపిల్లల్లో కన్నా మగపిల్లల్లో ఎక్కువ. కొన్నిసార్లు తలకిందులుగా ఉండి, ఎన్నేళ్ళైనా బయటికి రాదు.

డాక్టర్ని ఈ నాలుగూ తప్పకుండా అడగండి. పన్ను అంగిలి వైపుందా, పెదవి వైపుందా? స్కాన్ కావాలా? ఇప్పుడే తీస్తే పక్క పళ్ళ వేళ్ళకు ప్రమాదమా, కొన్నాళ్ళు ఆగొచ్చా? తీశాక అసలు పన్ను దానంతటదే వస్తుందా, కిందికి లాగాల్సి వస్తుందా? ప్రతి అదనపు పన్నునీ వెంటనే తీయరు. దేనికీ అడ్డం రాకపోతే ఎక్స్‌రేలతో కనిపెట్టుకుని ఉంటారు. ఆ నిర్ణయం పిల్లల పళ్ళ డాక్టర్, వంకర పళ్ళు సరిచేసే ఆర్థోడాంటిస్ట్ కలిసి తీసుకుంటే మంచిది.

మావాడికి మత్తు సూది వేసి, అంగిలి వైపు చిగురు తెరిచి తీశారు, కుట్లు వేశారు. ఆ తర్వాత రెండు మూడు గంటలు వాడి పక్కనుంచి కదలకండి అన్నారు. మొద్దుబారిన పెదవిని పిల్లలు తెలియకుండా కొరికేసుకుంటారు, అది సర్జరీ పుండు కన్నా ఎక్కువ వాస్తుంది. మొదటి రోజు చల్లటి పెరుగన్నం, చల్లార్చిన రాగి జావ పెట్టాను. స్ట్రా వాడనివ్వలేదు, గట్టిగా ఉమ్మనివ్వలేదు. పెదవి మీద బయట నుంచి పది నిమిషాల చొప్పున ఐసు పెట్టాను. మర్నాటి నుంచి గోరువెచ్చని ఉప్పునీళ్ళతో మెల్లగా పుక్కిలించాడు. నొప్పి మందు బిడ్డ బరువుని బట్టి డాక్టర్ రాసిచ్చిందే వేయండి, ఇంట్లో ఉన్న ఆస్పిరిన్ మాత్రం వద్దు.

పళ్ళు వంకరగా రావడానికి ఇతర కారణాలూ ఉంటాయి. నాలుగేళ్ళు దాటాక కూడా వేలు చీకడం, ముక్కు మూసుకుపోయి నోటితో గాలి పీల్చడం. రెండోదానికి ముందు ముక్కు, చెవి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. పుచ్చి పాలపన్ను ముందే తీసేస్తే, ఆ చోటు నిలబెట్టే చిన్న తీగ పెట్టాలా అని అడగండి.

ఎనిమిది నెలలకు కుడి పన్ను చిగురులో తెల్లగా తోచింది. వంకరగానే వచ్చింది, దానికి కొద్దికాలం తీగ కట్టారు. ఆ చిన్న మొన పన్నుని మావాడు అగ్గిపెట్టెలో దాచుకున్నాడు. వాడికి కోరపళ్ళు ఇంకా రావాలి, అందుకే నెలనెలా ఫొటోలు ఇప్పటికీ తీస్తున్నాను.