సరళ హరాత్మక చలనం లెక్కలు ఎలా చేయాలి? ముందు సున్నా ఎక్కడో చూడండి

మా అక్క కొడుకు బెంగళూరులో పి.యు.సి. (మన ఇంటర్) మొదటి సంవత్సరం చదువుతున్నాడు. ఆదివారం వస్తే పుస్తకాలు పట్టుకుని మారతహళ్లిలోని మా ఇంటికి చేరతాడు. మొన్న సరళ హరాత్మక చలనంపై, అంటే నిలిచే చోటుకు అటూ ఇటూ క్రమంగా ఊగే చలనంపై, తెచ్చిన లెక్క ఇది: స్ప్రింగుకు 200 గ్రాముల తూనికరాయి వేలాడదీస్తే 5 సెంటీమీటర్లు సాగి నిలిచింది. దాన్ని మరో 3 సెంటీమీటర్లు కిందికి లాగి వదిలారు. ఆవర్తన కాలం (ఒకసారి పూర్తిగా ఊగి రావడానికి పట్టే సమయం), గరిష్ఠ వేగం ఎంత?

"యాంప్లిట్యూడు 8 కదా, మామయ్యా?"

కాదు. తెలుగు పుస్తకాల్లో కంపన పరిమితి అనే ఈ దూరాన్ని, అంటే రాయి ఒక వైపుకు వెళ్లే గరిష్ఠ దూరాన్ని, రాయి కదలకుండా నిలిచిన చోటు నుంచి కొలవాలి, ఖాళీ స్ప్రింగు కొస నుంచి కాదు. అందుకే మొదటి పని బొమ్మ గీసి, రాయి నిలిచిన చోట సున్నా పెట్టడం. అక్కడి నుంచి లాగింది 3 సెంటీమీటర్లే. లెక్కలో 'ఈ చివర నుంచి ఆ చివరకు 6 సెంటీమీటర్లు' అని ఇచ్చినా కంపన పరిమితి 3 మాత్రమే.

రెండో పని ఒమేగా, అంటే కోణీయ పౌనఃపున్యం కనుక్కోవడం. అది చేతికొస్తే మిగతా లెక్క దాని వెనకే వస్తుంది. రాయి నిలిచినప్పుడు స్ప్రింగు లాగే బలం, రాయి బరువు సమానం. కాబట్టి బలస్థిరాంకాన్ని (స్ప్రింగు మీటరు సాగడానికి కావాల్సిన బలాన్ని) ద్రవ్యరాశితో భాగిస్తే వచ్చేది గురుత్వ త్వరణం ÷ మీటర్లలో సాగిన దూరం, 9.8 ÷ 0.05, అంటే 196. దాని వర్గమూలమే ఒమేగా, 14. సెకనుకు 14 రేడియన్లు. ఆ 200 గ్రాములు ఎక్కడా అవసరం పడలేదు, గమనించారా? ఇచ్చిన ప్రతి అంకెనూ వాడి తీరాలన్న పట్టుదల పిల్లల చేత చాలా తప్పులు చేయిస్తుంది.

ఆవర్తన కాలం 2π ÷ 14, సుమారు 0.45 సెకను. గరిష్ఠ వేగం కంపన పరిమితి × ఒమేగా, 3 × 14, సెకనుకు 42 సెంటీమీటర్లు. అది సున్నా దగ్గరే ఉంటుంది, చివర్లలో కాదు.

కాలం అడిగితే మాత్రం తొందరపడకండి. కింది చివర నుంచి సగం దూరం, అంటే 1.5 సెంటీమీటర్లు పైకి రావడానికి ఎంతసేపు పడుతుంది? మధ్యకు రావడానికి ఆవర్తన కాలంలో నాలుగో వంతు కాబట్టి, సగం దూరానికి ఎనిమిదో వంతు అనిపిస్తుంది. కానీ చివర దగ్గర రాయి నెమ్మదిగా కదులుతుంది. చివర నుంచి వదిలారు కనుక కొసైన్ వాడాలి. మధ్యలో మొదలైతే సైన్. 1.5 = 3 కాస్ (14t) అంటే 14t విలువ π/3. కాలం 0.075 సెకను, ఆవర్తన కాలంలో సరిగ్గా ఆరో వంతు. మిగిలిన సగానికి పన్నెండో వంతు చాలు. ఇక్కడ కాలిక్యులేటర్ డిగ్రీల్లో ఉంటే జవాబు 4 సెకన్లు దాటిపోతుంది. రేడియన్లలో పెట్టుకోండి.

నమ్మకం కుదరాలంటే లోలకంతో ఇంట్లో చేసి చూడండి, దాని చిన్న ఊపులూ ఇలాంటి చలనమే. ముడి నుంచి రాయి మధ్య వరకు మీటరు పొడవు వచ్చేలా దారం కట్టి, కొద్దిగా పక్కకు లాగి వదలండి. బెంగళూరులో గురుత్వ త్వరణం సుమారు 9.78; 20 ఊపులకు (వెళ్లి తిరిగి వస్తే ఒక ఊపు) 40 సెకన్లు పట్టాలి. మావాడికి 38 వచ్చింది. దారం మళ్లీ కొలిచాం, సరిగ్గానే ఉంది. రెండోసారి వాడు లెక్కపెడుతుంటే విన్నాను: రాయి వదులుతూనే "ఒకటి" అంటున్నాడు.