తలకు కెమెరా కట్టుకుని ఓపెన్ సర్జరీ రికార్డు చేయడం

చిన్న రంధ్రం గుండా కెమెరా పంపి చేసే లాపరోస్కోపీలో వీడియో ఎలాగూ స్క్రీన్ మీదే ఉంటుంది. చిక్కంతా హెర్నియా, థైరాయిడ్ లాంటి ఓపెన్ ఆపరేషన్లతోనే. ఆపరేషన్ థియేటర్ (ఓటీ) లైటుకు బిగించిన కెమెరాకు సర్జన్ తలే అడ్డొస్తుంది. అందుకే నుదుటి మీద చిన్న యాక్షన్ కెమెరా. చేతులు కడిగి స్క్రబ్ అయ్యాక దాన్ని ముట్టుకోకూడదు కాబట్టి సెట్టింగులన్నీ ముందే తేలిపోవాలి.

ఎక్కువ వీడియోలు పాడయ్యేది కోణం దగ్గర. సర్జన్ మెడ కొంతే వంచి, మిగతాది కళ్లు దించి చూస్తారు. లూప్స్ (పెద్దవిగా చూపే సర్జన్ కళ్లద్దాలు) ఉంటే మెడ ఇంకా తక్కువ వంగుతుంది. కెమెరా నేరుగా బిగిస్తే ఆపరేషన్ అంతసేపూ ఎదుటి అసిస్టెంటు గౌనే రికార్డవుతుంది. టేబుల్‌ను ఆపరేషన్ ఎత్తుకు పెట్టి, కోత పడే చోట 10 సెంటీమీటర్ల ప్లాస్టర్ ముక్క అంటించిన టవల్ పరచండి. లూప్స్, హెడ్‌లైట్ పెట్టుకుని పనిచేసే భంగిమలో నిలబడండి. ఇంకొకరు ఫోన్‌లో ప్రివ్యూ చూస్తూ, ముక్క ఫ్రేము నడిమికి వచ్చేదాకా కెమెరాను కిందికి వంచి స్క్రూ బిగించాలి. వైడ్ వ్యూలో కోత చిన్న చుక్కలా కనిపిస్తుంది. కెమెరా మెనూలో అంతకన్నా ఇరుకైన లీనియర్ గానీ న్యారో గానీ వాడండి. మరీ జూమ్ చేస్తే తల కొద్దిగా తిరిగినా కోత ఫ్రేము దాటిపోతుంది.

తర్వాతి శత్రువు వెలుతురు. ఓటీ లైటు కింద 40,000 నుంచి 1,60,000 లక్సులు ఉంటాయి, చుట్టూ పేషెంటు మీద కప్పే ముదురు ఆకుపచ్చ గుడ్డలు (డ్రేపులు). ఆటో ఎక్స్‌పోజర్ ఆ చీకటిని చూసి ప్రకాశం పెంచేస్తుంది, కోత తెల్లగా మాడిపోతుంది. ఎక్స్‌పోజర్‌ను -1 నుంచి -2 దాకా తగ్గించండి, ఐఎస్ఓ (సెన్సర్ వెలుగును గ్రహించే స్థాయి) గరిష్ఠం 400 చాలు. ఒక్క చోటి వెలుగునే కొలిచే స్పాట్ మీటరింగ్ ఉంటే ఇంకా మేలు. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదిలేస్తే రక్తం కనబడినప్పుడల్లా రంగు మారుతుంది; లైటు ప్యానెల్ మీద ఉన్న కెల్విన్ (వెలుగు రంగు కొలత) అంకెకే లాక్ చేయండి. యాంటీ ఫ్లికర్ 50 హెర్ట్జ్‌లో, ఫ్రేములు 25లో ఉంచండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 60కి పెడితే కొన్ని లైట్ల కింద చారలు పాకుతాయి.

1080పి సరిపోతుంది. 4కెలో కెమెరా వేడెక్కి మధ్యలో ఆగిపోవచ్చు. సెకనుకు 45 మెగాబిట్ల (ఎంబీపీఎస్) లెక్కన గంటకు సుమారు 20 జీబీ అవుతుంది, కార్డు 128 జీబీది తీసుకోండి. గంట దాటే కేసుకు బ్యాటరీని నమ్మకండి. పవర్ బ్యాంకు జేబులో పెట్టి, కేబుల్‌ను వీపు వైపు గౌను లోపలినుంచి తీయండి. ఆటో పవర్ ఆఫ్ తీసేయండి. రికార్డింగ్‌ను స్క్రబ్ కాకుండా బయటి పనులు చూసే సర్క్యులేటింగ్ నర్సు ఫోన్ నుంచి మొదలుపెట్టాలి. మాస్కు వెనక నుంచి ఇచ్చే వాయిస్ కమాండ్‌ను కెమెరా సగం సార్లు వినదు, అదీగాక ఆడియో ఆపేయడమే మంచిది: పేషెంటు పేరు ఎవరో ఒకరు పలుకుతారు.

సర్జరీ సమ్మతి పత్రం వీడియోకు చెల్లదనుకోండి. బోధనకా, రికార్డుకా, ఎవరు చూస్తారు, ఎన్నాళ్లు ఉంచుతారు అన్నది తెలుగులో రాసి విడిగా సంతకం తీసుకోండి. 2002 నాటి వైద్య నైతిక నియమావళి, పేషెంటు ఎవరో తెలియని ఫొటోల ప్రచురణకు అనుమతి అక్కర్లేదంటుంది. అయినా పచ్చబొట్టు, పుట్టుమచ్చ, చేతి బ్యాండు మనిషిని పట్టిస్తాయి. డ్రేపింగ్ పూర్తయ్యాకే రికార్డింగ్ మొదలుపెట్టండి. జీపీఎస్, ఆటో క్లౌడ్ అప్‌లోడ్ ఆపండి. ఫైలుకు కేసు కోడ్ పెట్టండి, పేరు కాదు. చాలా కెమెరాలు ఫైలును 4 జీబీ దగ్గర తెంచుతాయి. ముక్కలన్నీ ఎన్‌క్రిప్ట్ చేసిన హార్డ్ డిస్కులోకి చేరాయో లేదో తెరిచి చూసుకున్నాకే కార్డు ఫార్మాట్ చేయండి.